పెరట్లో హమ్మింగ్‌బర్డ్‌కు పంచదార నీళ్ళు: హాని జరగకుండా పెట్టే పద్ధతి, మొదటి నుంచి చివరి దాకా

అమెరికాలో మార్చి నెల వచ్చిందంటే తెలిసిన తెలుగువారి ఇళ్ళ నుంచి నాకు వచ్చే ఫోన్లలో చాలావాటిలో ఒకటే ప్రశ్న ఉంటుంది: “పోయిన ఏడాది ఫీడర్ కొని కట్టాం, నాలుగు రోజులు పిట్టలు వచ్చాయి, తరవాత ఒక్కటీ రాలేదు, ఏం తప్పు చేశాం?” వివరాలు అడిగితే దాదాపు ప్రతిసారీ తేలేది ఒక్కటే, ఫీడర్‌లోని, అంటే పిట్ట తాగడానికి వేలాడదీసే పాత్రలోని, పంచదార నీళ్ళు పులిసిపోయాయి, ఆ సంగతి ఇంట్లోవారికంటే ముందు పిట్టకు తెలిసింది. డాలస్ దగ్గర మా పెరట్లో చాలా ఏళ్ళుగా ఫీడర్ పెడుతున్న అనుభవంతో ఈ పనిని మొదటి నుంచి వరసగా ఇక్కడ రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. పూల మకరందం తాగే చిన్న పిట్ట హమ్మింగ్‌బర్డ్ ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల్లో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా ఉండదు. గుంటూరులోనో వరంగల్‌లోనో మందారం చుట్టూ తిరిగే చిన్న నల్లటి పిట్ట తేనెపిట్ట, అది వేరే కుటుంబానికి చెందినది. దానికి ఫీడర్ అవసరం లేదు, పెరట్లో పూలమొక్కలు ఉంటే చాలు. ఈ వ్యాసం అమెరికాలో ఉంటున్నవారికి.

1. ఫీడర్ కొనకముందు తేల్చుకోవలసినవి

మొదట మీ ఊరికి ఏ జాతి, ఏ నెలలో వస్తుందో తెలుసుకోవాలి. మిసిసిపీ నదికి తూర్పున గూడు కట్టే జాతి రూబీ త్రోటెడ్ ఒక్కటే. డాలస్, ఆస్టిన్ ప్రాంతాల్లో దానితోపాటు బ్లాక్ చిన్డ్ కూడా కనిపిస్తుంది. కాలిఫోర్నియా బే ఏరియాలోను, సియాటిల్ పరిసరాల్లోను ఆనాస్ అనే జాతి ఏడాది పొడుగునా ఉంటుంది కాబట్టి అక్కడివారికి ఫీడర్ దించే నెల అంటూ ఉండదు.

వలస వచ్చే ప్రాంతాల్లో మొదటి పిట్ట రావడానికి వారం ముందే ఫీడర్ సిద్ధంగా ఉండాలి. స్థూలంగా ఇలా పెట్టుకోండి:

- హ్యూస్టన్, గల్ఫ్ తీరం: ఫిబ్రవరి చివర, మార్చి మొదట్లో
- డాలస్, అట్లాంటా: మార్చి మధ్యలో
- షార్లెట్, రాలీ: మార్చి చివర
- వర్జీనియా, న్యూజెర్సీ: ఏప్రిల్ మధ్య నుంచి
- షికాగో, డెట్రాయిట్: ఏప్రిల్ చివర

ఇక అసలు ప్రశ్న, ఎవరు కడుగుతారు? వేసవిలో ఈ పని రోజూ ఉంటుంది. పిల్లలు సరదా పడ్డారని మూడు ఫీడర్లు కొని, పది రోజుల తరవాత వాటి వంక చూడని ఇళ్ళు నాకు తెలుసు. ఎన్నింటిని కడగగలరో అన్నే పెట్టండి. చాలా ఇళ్ళకు ఒకటి చాలు. ఒక్కదాన్ని కూడా క్రమం తప్పకుండా కడగలేమనుకుంటే ఫీడర్ మానేసి, తొమ్మిదవ అంశంలో చెప్పిన మొక్కలు నాటండి. పిట్టకు అదే మేలు.

2. ఎటువంటి ఫీడర్ కొనాలి

దుకాణంలో రెండు రకాలు కనిపిస్తాయి. ఒకటి తలకిందులుగా వేలాడే సీసా, రెండవది మూత ఉన్న లోతు తక్కువ పళ్ళెం. నేను పళ్ళెం రకాన్నే కొనమంటాను. మూత తీస్తే లోపలంతా చేతికి అందుతుంది. ఎండ తగిలితే సీసాలోని గాలి వ్యాకోచించి నీళ్ళను బయటకు నెడుతుంది, ఆ చుక్కలకు చీమలు చేరతాయి. పళ్ళెంలో ఈ బాధ లేదు, పైగా నీటి మట్టం పిట్ట ముక్కు పెట్టే రంధ్రానికి కిందుగా ఉంటుంది కాబట్టి తేనెటీగకు అందదు.

కొనేటప్పుడు చూసుకోవలసినవి:

- ప్రతి భాగమూ ఊడి రావాలి, వేలు గాని బ్రష్ గాని దూరని మూల ఉండకూడదు.
- ఎర్ర రంగు ఫీడర్ మీదే ఉండాలి, నీళ్ళలో కాదు.
- పసుపు రంగు పూల బొమ్మలు లేనిది మేలు, ఆ రంగుకు తేనెటీగలు, కందిరీగలు వస్తాయి.
- చిన్నది చాలు. పెద్ద ఫీడర్‌లో మిగిలేదంతా పారబోయడానికే.

3. పంచదార నీళ్ళు కలిపే పద్ధతి

కొలత ఒక్కటే: ఒక వంతు తెల్ల పంచదార, నాలుగు వంతుల నీళ్ళు. ఒక కప్పు పంచదార అంటే సుమారు 200 గ్రాములు, నాలుగు కప్పుల నీళ్ళంటే సుమారు 950 మిల్లీలీటర్లు. ఒక్క ఫీడర్ ఉన్న ఇంటికి పావు కప్పు పంచదార, ఒక కప్పు నీళ్ళు రెండు రోజులకు సరిపోతాయి. రెండింటినీ ఒకే కప్పుతో కొలవాలి. కంటి అంచనాతో కలపవద్దు.

కలిపే క్రమం:

1. శుభ్రమైన గిన్నెలో, తాగడానికి వాడే నీళ్ళు కొలిచి పోయండి.
2. పొయ్యి మీద పెట్టి వేడెక్కాక పంచదార వేసి, పూర్తిగా కరిగేదాకా గరిటెతో తిప్పండి. మరిగించడం తప్పనిసరి కాదు గాని, ఒక పొంగు వస్తే కాస్త ఆలస్యంగా పులుస్తాయి. ఎక్కువసేపు మరిగిస్తే నీళ్ళు ఇగిరిపోయి పాకం చిక్కబడుతుంది, కొలత తప్పుతుంది.
3. మూత పెట్టి పూర్తిగా చల్లారనివ్వండి. గోరువెచ్చగా ఉండగా ఫీడర్‌లో పోయవద్దు.
4. ఆ రోజుకు కావలసినంత పోసి, మిగిలింది గాజు సీసాలో ఫ్రిజ్‌లో పెట్టండి. వారం దాటితే పారబోయండి.

పోయిన వేసవిలో మా అమ్మ వచ్చినప్పుడు ఆవిడకు నచ్చని విషయం ఇక్కడే వచ్చింది. “పంచదారకంటే బెల్లం మంచిది కదా, నోరులేని జీవికి ఆ తెల్లటిది పోయడం ఎందుకు?” అంది. మనుషుల సంగతిలో ఆవిడ మాట కాదనను. కాని బెల్లంలో మనకు మంచిదని చెప్పుకునే ఇనుమే ఈ పిట్టకు కీడు, దాదాపు మూడు గ్రాముల ఒంట్లో అది పేరుకుంటే బయటకు పోయే దారి లేదు. హమ్మింగ్‌బర్డ్ తాగే పూల మకరందంలో ప్రధానంగా ఉండేది సుక్రోజ్ అనే చక్కెర, తెల్ల పంచదార కూడా అదే. అందుకే దీనికి మించినది లేదు.

వాడకూడనివి, కారణాలతో:

- బెల్లం, బ్రౌన్ షుగర్, లేత గోధుమరంగులో ఉండే ఆర్గానిక్ పంచదార: ఇనుము, మడ్డి ఎక్కువ. పెద్ద సంచుల్లో దొరికే ఆర్గానిక్ పంచదారే చాలా తెలుగు ఇళ్ళలో ఉంటుంది కాబట్టి ఇది ప్రత్యేకంగా గుర్తుపెట్టుకోవాలి.
- తేనె: నీళ్ళు కలిపితే త్వరగా పులిసి, బూజు పడుతుంది.
- పంచదార పొడి: దుకాణంలో కొన్నదానిలో మొక్కజొన్న పిండి కలిసి ఉంటుంది.
- కేలరీలు లేని తీపి పొడులు: పిట్టకు శక్తినివ్వవు, ఆకలి తీరదు.
- ఎర్ర రంగు, రంగు కలిపి అమ్మే ద్రవాలు: రంగు వల్ల పిట్టకు ఏ లాభమూ లేదు, అనవసరమైన రసాయనాన్ని దాని ఒంట్లోకి పంపడమే అవుతుంది.

4. ఎక్కడ వేలాడదీయాలి

పొద్దుటి ఎండ తగిలి, మధ్యాహ్నం నీడ పడే చోటు మంచిది. డాలస్‌లో పడమటి ఎండకు పెట్టిన ఫీడర్ సాయంత్రానికి తాకితే వెచ్చగా ఉంటుంది, ఆ వేడికి నీళ్ళు ఒక్క పూటలో పాడవుతాయి.

కిటికీ అద్దాల సంగతి ఇంకా ముఖ్యం. అద్దంలో కనిపించే చెట్టును నిజమైన చెట్టనుకొని పిట్ట దూసుకుపోతుంది. ఫీడర్‌ను అద్దానికి మూడు అడుగుల లోపు పెడితే అది వేగం అందుకోకముందే అద్దం వస్తుంది కాబట్టి దెబ్బ తక్కువ, లేదా 30 అడుగుల అవతల పెట్టాలి. ఈ రెంటికీ మధ్య దూరాలే ప్రమాదకరం. అది కుదరకపోతే అద్దానికి బయటి వైపున రెండేసి అంగుళాల ఎడంతో చుక్కల స్టిక్కర్లు అంటించండి. లోపలి వైపు అంటిస్తే, బయట కనిపించే ప్రతిబింబం అలాగే ఉంటుంది.

మిగిలినవి:

- నేలకు కనీసం ఐదడుగుల ఎత్తు.
- దగ్గరలో వాలడానికి చిన్న కొమ్మ ఉండాలి, కాని పిల్లి దాక్కునే గుబురు పది అడుగుల లోపు ఉండకూడదు.
- గాలికి ఊగి ఒలకని చోటు.
- మీరు రోజూ చూసే చోటు. వంటింటి కిటికీలోంచి కనిపిస్తే నీళ్ళు మబ్బుగా మారిన రోజునే తెలుస్తుంది.

5. నీళ్ళు ఎన్నాళ్ళకు మార్చాలి

తాగినా తాగకపోయినా, ఫీడర్ నిండుగా ఉన్నా, బయటి వేడిని బట్టి మార్చాలి:

- 90 డిగ్రీల ఫారన్‌హీట్ దాటితే: రోజూ
- 80 నుంచి 90 మధ్య: రెండు రోజులకు ఒకసారి
- 70 నుంచి 80 మధ్య: మూడు రోజులకు ఒకసారి
- 70 కంటే తక్కువైతే: నాలుగైదు రోజులకు ఒకసారి

ఈ లెక్కతో పని లేకుండా వెంటనే మార్చవలసిన గుర్తులు కూడా ఉన్నాయి. నీళ్ళను వెలుతురుకు ఎత్తి చూస్తే పాలచుక్క కలిసినట్టు మబ్బుగా ఉండటం, దూదిపోగు లాంటి తీగలు తేలడం, మూత తీయగానే పులిసిన వాసన రావడం, లోపల చీమ గాని ఈగ గాని పడి ఉండటం.

అందరూ చేసే పొరపాటు పాతవాటి మీద కొత్తవి పోయడం. నిన్నటి పాలగిన్నె కడగకుండా అందులోనే ఇవాళ్టి పాలు పోసి కాస్తే ఏమవుతుందో మన ఇళ్ళలో ఎవరికీ చెప్పనవసరం లేదు. ఇక్కడా అంతే. పాతవి పారబోసి, కడిగి, ఆ తరవాతే కొత్తవి పోయాలి.

ఒక ఆగస్టులో ఇంట్లో జ్వరాలు వచ్చి ఐదు రోజులు నేను ఫీడర్ వైపు చూడలేదు. ఆరో రోజు పొద్దున ఒక ఆడపిట్ట వచ్చి, ముక్కును ఫీడర్ రంధ్రంలో పెట్టి, వెంటనే వెనక్కి తీసుకొని, గాలిలోనే నిలబడి పక్క రంధ్రం చూసి, దానిలోనూ పెట్టి తీసి వెళ్ళిపోయింది. దించి చూస్తే ప్రతి రంధ్రం లోపలి అంచునా ఆవగింజంత నల్లటి చుక్కలు వరసగా ఉన్నాయి. బయటి నుంచి ఫీడర్ శుభ్రంగానే కనిపిస్తోంది. అప్పటి నుంచి రంధ్రాల లోపలి అంచు చూడకుండా ఫీడర్ పైకి కట్టలేదు.

6. కడిగే పద్ధతి

ఈ మొత్తం పనిలో అన్నిటికంటే శ్రద్ధగా చేయవలసింది ఇదే. పులిసిన నీళ్ళలో పెరిగే బూజు, బాక్టీరియా పిట్టలకు జబ్బు చేస్తాయి. నాలుక వాచిపోతే అది ఏమీ తాగలేదు, గంటల్లో నీరసించిపోతుంది. ఒక ఫీడర్‌కు ఎన్నో పిట్టలు వస్తాయి కాబట్టి ఒకదాని జబ్బు మిగతావాటికీ అంటుతుంది.

నీళ్ళు మార్చే ప్రతిసారీ:

1. పాత నీళ్ళు సింకులో పోయండి. పెరట్లో పోస్తే చీమలు చేరతాయి.
2. భాగాలన్నీ విడదీయండి. రబ్బరు రింగు ఉంటే అది కూడా ఊడదీయాలి, బూజు ముందు చేరేది దాని కిందే.
3. వేడి నీళ్ళలో, ఫీడర్‌కే కేటాయించిన బ్రష్‌తో తోమండి. అంట్లు తోమే బ్రష్‌ను దీనికి, దీన్ని అంట్లకు వాడవద్దు.
4. రంధ్రాలను సన్నటి బ్రష్‌తో గాని చెవిపుల్లతో గాని లోపల తిప్పి తుడవండి. పుల్ల చివర నల్లగా గాని గులాబి రంగుగా గాని వస్తే ఇంకా శుభ్రపడలేదన్నమాట.
5. ధారగా పారే నీటి కింద బాగా కడిగి, వీలైతే ఆరనివ్వండి. ఫీడర్లు రెండు ఉంటే ఒకటి ఆరుతుండగా రెండవది కట్టవచ్చు.

సబ్బు వాడకపోవడమే మంచిది. వాడితే దాని జారుడు, వాసన పూర్తిగా పోయేదాకా కడగాలి. డిష్‌వాషర్‌లో వేయవద్దు.

వారానికి ఒకసారి, ఒక వంతు తెల్ల వెనిగర్, రెండు వంతుల వేడి నీళ్ళు కలిపి భాగాలన్నిటినీ గంటసేపు నానబెట్టి, తోమి, కడగండి. సీసా రకం ఫీడర్‌లో బ్రష్ అందని మూల ఉంటే గుప్పెడు బియ్యం, కాసిని నీళ్ళు పోసి గట్టిగా గిలకొట్టండి, అంటుకున్న పొర ఊడి వస్తుంది. ఆ తరవాత ఒక్క గింజ కూడా మిగలకుండా కడగాలి.

నల్లబూజు కనిపిస్తే వెనిగర్ చాలదు. ఒక గ్యాలన్ నీటిలో పావు కప్పు బ్లీచ్ కలిపి గంటసేపు నానబెట్టి, తోమి, బ్లీచ్ వాసన రానంత వరకు కడిగి, పూర్తిగా ఎండబెట్టాలి. బ్లీచ్, వెనిగర్ ఎట్టి పరిస్థితిలోను ఒకే గిన్నెలో కలవకూడదు, విషవాయువు పుడుతుంది. ఎంత తోమినా బూజు మరక పోని ప్లాస్టిక్ భాగాన్ని పారేయండి. పని ముగిశాక చేతులు సబ్బుతో కడుక్కోవడం మరవవద్దు.

7. చీమలు, తేనెటీగలు, గొల్లభామలు

చీమలకు ఒకే మందు, నీటి గిన్నె. ఫీడర్‌కు, కొక్కేనికి మధ్య తగిలించే చిన్న కప్పు దుకాణాల్లో దొరుకుతుంది. దాన్ని నీళ్ళతో నింపితే చీమ దాటలేదు. ఎండాకాలం ఆ నీళ్ళు ఆవిరైపోతాయి కాబట్టి రోజూ చూసుకోవాలి.

మన ఇళ్ళలో జరిగే తప్పు ఒకటి చెప్పాలి. ఇండియా నుంచి తెచ్చిన చీమల సుద్దతో కడ్డీ మీద గీత గీయడం, తీగకు ఆముదం గాని కొబ్బరినూనె గాని వాజలీన్ గాని పూయడం. సుద్దలో ఉన్నది పురుగుమందు. నూనె ఒకసారి ఈకలకు అంటితే పిట్ట దాన్ని వదిలించుకోలేదు, ఎగరడమే కష్టమవుతుంది. రెండూ మానండి.

తేనెటీగలు మూగితే ముందు చుక్కలు కారుతున్నాయేమో చూడండి. కారకపోయినా వస్తుంటే ఫీడర్‌ను కొన్ని అడుగులు పక్కకు జరపండి. స్ప్రే కొట్టవద్దు.

వేసవి చివరలో ప్రేయింగ్ మాంటిస్ అనే పెద్ద గొల్లభామ ఫీడర్ మీద కదలకుండా కూర్చొని ఉంటే మురిసిపోయి వదిలేయకండి. అది హమ్మింగ్‌బర్డ్‌ను పట్టి తినగలదు. పుల్లతో ఎత్తి దూరంగా మరో మొక్క మీద వదలండి.

8. ఒకటే పిట్ట అందరినీ తరుముతుంటే

మగపిట్ట ఫీడర్‌ను సొంత ఆస్తిగా భావించి కాపలా కాస్తుంది. అది దాని సహజ గుణం, దాన్ని బెదరగొట్టవలసిన పని లేదు. రెండవ ఫీడర్‌ను ఇంటికి అవతలి వైపున, మొదటి దాని దగ్గర నుంచి కనిపించని చోట పెడితే ఒక్కటే రెంటినీ కాయలేదు. ఆ రెండవదాన్ని కూడా ఇదే శ్రద్ధతో కడగగలిగితేనే పెట్టండి.

9. పంచదార నీళ్ళు మాత్రమే చాలవు

హమ్మింగ్‌బర్డ్ చిన్న పురుగులను, సాలీళ్ళను కూడా తింటుంది. గూట్లోని పిల్లలకు పెట్టేది ప్రధానంగా అవే. అందుచేత పెరట్లో పురుగుమందు కొట్టించే ఇంట్లో ఫీడర్ పెట్టడం ఒక చేత్తో పెట్టి మరో చేత్తో లాక్కోవడమే అవుతుంది. లాన్ చూసే కంపెనీతో మాట్లాడి, కనీసం ఫీడర్ వైపున్న మొక్కలకు మందు కొట్టవద్దని చెప్పండి.

ఫీడర్‌కు తోడుగా నాటదగిన స్థానిక మొక్కలు: తూర్పు రాష్ట్రాల్లో కోరల్ హనీసకిల్, కార్డినల్ ఫ్లవర్, బీ బామ్, టెక్సస్‌లో టర్క్స్ క్యాప్, ఆటమ్ సేజ్. టర్క్స్ క్యాప్ మందార కుటుంబానిదే, విచ్చీ విచ్చని ఎర్ర మందారంలా ఉంటుంది, నీడలో కూడా పూస్తుంది. నర్సరీలో హనీసకిల్ అడిగేటప్పుడు పూర్తి పేరు చెప్పండి. జపనీస్ హనీసకిల్ ఇస్తే అది పెరడంతా అల్లుకొని మిగతా మొక్కలను చంపుతుంది.

10. అనుకోనివి జరిగినప్పుడు

గరాజ్‌లో చిక్కుకుంటే: గరాజ్ తలుపు యంత్రానికి వేలాడే ఎర్రటి పిడిని పువ్వనుకొని పిట్ట లోపలికి వస్తుంది. భయపడితే పైకే ఎగురుతుంది కాబట్టి తెరిచి ఉన్న తలుపు దానికి కనిపించదు. చీపురుతో తరమకండి. లైట్లన్నీ ఆర్పి, తలుపు పూర్తిగా తెరిచి, ఫీడర్‌ను గుమ్మం బయట వెలుతురులో కట్టి మీరు పక్కకు తప్పుకోండి. ఆ పిడికి ముందే నల్ల టేపు చుట్టి పెడితే ఈ ఇబ్బంది చాలావరకు తప్పుతుంది.

చల్లటి ఉదయం ఫీడర్ మీద కదలకుండా, ఒక్కోసారి తలకిందులుగా వేలాడుతూ కనిపిస్తే: చాలాసార్లు అది చనిపోయినట్టు కాదు. రాత్రి శక్తి మిగుల్చుకోవడానికి ఒళ్ళు చల్లబరచుకొని గాఢమైన జడస్థితిలోకి పోతుంది. ముట్టుకోకండి. అరగంటలో ఒళ్ళు వేడెక్కి ఎగిరిపోతుంది.

అద్దానికి కొట్టుకొని పడితే: మెత్తటి గుడ్డ పరచిన చిన్న అట్టపెట్టెలో ఉంచి, మూత వేసి, చీకటిగా నిశ్శబ్దంగా ఉన్న చోట పెట్టండి. నోట్లో బలవంతంగా నీళ్ళు పోయకండి. గంట తరవాత బయట తెరిచి చూడండి. ఎగరలేకపోతే లైసెన్సు ఉన్న వన్యప్రాణి సంరక్షకులకు ఫోన్ చేయాలి. ఇంట్లో పెంచడం గాని, గుడ్లున్న గూడు జరపడం గాని 1918 నాటి వలస పక్షుల చట్టం ప్రకారం నేరం.

నాలుక బయటకు వేలాడుతున్న పిట్ట గాని, ముక్కు మీద, కాళ్ళ మీద కురుపులున్న పిట్ట గాని కనిపిస్తే: ఫీడర్ దించి, బ్లీచ్ పద్ధతిలో కడిగి, వారం పది రోజులు కట్టకుండా ఉండండి.

11. ఊరు వెళ్ళేటప్పుడు, చలికాలంలో, దించేటప్పుడు

బడులకు సెలవులు ఇవ్వగానే ఐదారు వారాలు ఇండియా వెళ్ళే ఇళ్ళు మనవి. పక్కింటివారు ఇదే లెక్కన కడిగి నీళ్ళు మారుస్తామంటే ఫీడర్ వారింటికే ఇచ్చి వెళ్ళండి. లేదంటే కడిగి లోపల పెట్టేయండి. వేసవిలో పూలు, పురుగులు ఉంటాయి, పిట్టలు ఆకలితో పోవు. వెళ్ళే రోజున నిండా పోసి తాళం వేసి పోవడమే అన్నిటికంటే చెడ్డ పని.

సియాటిల్, పోర్ట్‌లాండ్ వంటి చోట్ల గడ్డకట్టే రాత్రులు వస్తే, చీకటి పడ్డాక ఫీడర్‌ను లోపలికి తెచ్చి, తెల్లవారకముందే మళ్ళీ కట్టండి. తీవ్రమైన చలిలో ఒక వంతుకు మూడు వంతుల నీళ్ళ దాకా చిక్కగా కలపవచ్చు, అంతకు మించవద్దు.

ఫీడర్ ఉంచితే పిట్టలు వలస మానేస్తాయని కొందరు ఆగస్టులోనే దించేస్తారు, అది పొరపాటు. వాటిని కదిలించేది పగటి పొద్దు తగ్గడం. నిజానికి సెప్టెంబరులో ఉత్తరం నుంచి దిగివచ్చే పిట్టలకు దారిలో ఆహారం చాలా అవసరం, ఆ నెలలో మా ఫీడర్ ఏప్రిల్‌లో కంటే త్వరగా ఖాళీ అవుతుంది. చివరి పిట్ట కనిపించిన రోజును క్యాలెండర్ మీద రాసుకొని, దాని తరవాత రెండు వారాలు తాజా నీళ్ళు పోస్తూనే ఉండండి. ఆ రెండు వారాల్లో ఒక్కటీ రాకపోతే దించి, బ్లీచ్ నీటిలో నానబెట్టి, తోమి, ఎండలో పూర్తిగా ఆరనిచ్చి, రబ్బరు రింగును విడిగా ఒక కాగితంలో చుట్టి దాచండి. తడి మిగిలినా, మూత బిగించి పెట్టినా వచ్చే మార్చికి లోపల బూజుతోనే దొరుకుతుంది.